అమ్మానాన్నలతో ఒకరోజు బస్ టూర్.. నిక్కోనా, ఫుజి-హకోనేనా? మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఏది నయం?

యోకోహామావాసి:

అందరికీ నమస్తే అండి. నేను ఉద్యోగం మీద యోకోహామాలో ఉంటున్నా. అక్టోబర్ చివర్లో అమ్మానాన్న వస్తున్నారు, జపాన్ రావడం ఇదే మొదలు. టోక్యో, యోకోహామా నేనే తిప్పేస్తా, దాని గురించి బెంగ లేదు, కానీ ఒక్కరోజైనా వాళ్లని గుళ్లూ కొండలూ జలపాతాలూ ఉండే వైపు తీసుకెళ్లాలని ఉంది. నాకు కారు లేదు, ఇక్కడి లైసెన్సూ లేదు, అందుకని పొద్దున ఎక్కించుకుని రాత్రికి దింపేసే బస్ టూర్లు చూస్తున్నా.

ఇప్పటికి రెండు దగ్గర ఆగాను. ఒకటి నిక్కో, అందులో తోషోగు గుడి, కెగోన్ జలపాతం, చూజెంజి సరస్సు ఉన్నాయి. రెండోది ఫుజి-హకోనే, అందులో ఫుజి ఐదో స్టేషన్ (కొండ మీద బస్సు ఆగే చోటు), ఓవకుదాని అనే గంధకం పొగల లోయ, ఆషి సరస్సులో పడవ, హకోనే జింజా (షింటో గుడి), చివర్లో ఏదో ఔట్‌లెట్ షాపింగ్ కూడా కలిపేశారు. ఆ తర్వాత రెండ్రోజులు క్యోటో వెళ్తాం, అక్కడ కూడా ఒక బస్సుంది, కింకకుజి (బంగారు రేకుల గుడి), అరషియామ (వెదురు తోపులుండే వైపు), ఫుషిమి ఇనారి గుడి, నారా జింకలు అన్నీ ఒక్కరోజులోనే చూపిస్తారట. ఫోటోలు చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి, అదే ప్రాబ్లం.

అమ్మకి మోకాళ్ల నొప్పులు. చదునుగా ఉంటే ఎంతసేపైనా నడుస్తుంది, మెట్లు కూడా మెల్లగా ఎక్కేస్తుంది గానీ దిగడం దగ్గరే ఇబ్బంది. నాన్న పూర్తి ఆపోజిట్, బస్సు ఆగిన ప్రతిచోటా చివరి మెట్టుదాకా వెళ్లి రాకపోతే ఆయనకి వచ్చినట్టే ఉండదు. ఇద్దరూ శాకాహారులు, అమ్మ గుడ్డు కూడా ముట్టదు.

నా డౌట్లేంటంటే, ఈ టూర్లలో ఒక్కోచోట నిజంగా ఎంతసేపు ఆపుతారు, బస్సులో టాయిలెట్ ఉంటుందా లేకపోతే మధ్యలో ఆపుతారా, ఇంగ్లిష్ గైడ్ ఉన్న టూరే తీసుకోవాలా లేక చవగ్గా వచ్చే జపనీస్ టూర్ తీసుకుని నేనే చెప్పుకుంటూ పోవచ్చా, తిండి సంగతేంటి. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్, టూర్ వాళ్ల సైట్‌లో ఉన్నదే మళ్లీ కాకుండా.

ఉత్సునోమియా_అన్న:

తమ్ముడూ, నేను నిక్కోకి పక్కూళ్లోనే ఉంటా కాబట్టి నా మాట కొంచెం అటే మొగ్గుతుంది, ముందే చెప్తున్నా. నిక్కోకే నా ఓటు.

ఎందుకంటే నిక్కోలో చూడాల్సినవి రెండు ముక్కలుగా ఉంటాయి. కింద ఊళ్లో గుళ్లు, పైన కొండ మీద సరస్సూ జలపాతమూ. మధ్యలో ఇరోహాజాకా అని ఘాట్ రోడ్డు, మొత్తం 48 మలుపులు, ఎక్కడానికి ఒక రోడ్డు దిగడానికి ఇంకో రోడ్డు, రెండూ వన్ వేనే. రైల్లో వస్తే ఊరిదాకానే వస్తావు, పైకి మళ్లీ లోకల్ బస్సు, దానికోసం క్యూ, ఆకులు రంగు మారే సీజన్లో ఆ క్యూలో నిలబడితే అమ్మగారి మోకాళ్లు అక్కడే అయిపోతాయి. టూర్ బస్సైతే సీటు నీదే, కూర్చుంటే పైన దింపుతుంది. బస్ టూర్‌కి డబ్బులు పెట్టడంలో అర్థం ఉన్నది ఇలాంటి చోట్లకే అని నా అభిప్రాయం.

తోషోగు గురించి. ఇది తోకుగవా ఇయెయాసు సమాధి గుడి, జపాన్ని రెండున్నర శతాబ్దాలకి పైగా ఏలిన షోగన్ల (సైనిక పాలకుల) వంశానికి మూలపురుషుడు ఆయనే. 1616లో పోయాడు, మరుసటేడు ఇక్కడ ప్రతిష్ఠ చేశారు, ఇప్పుడు మనం చూసే ఈ బంగారం, చెక్కడాలు అన్నీ చాలామటుకు మనవడు ఇయెమిత్సు 1636లో తిరగ కట్టించినవి. జపాన్ గుళ్లంటే రంగుల్లేని చెక్క, గులకరాళ్ల తోట అనుకుని వచ్చేవాళ్లకి ఇది చూసి మతిపోతుంది, యోమేయిమోన్ అనే ద్వారం ఒక్కదాని మీదే ఐదొందలకి పైగా బొమ్మలున్నాయి, మనుషులు, పిల్లలు, డ్రాగన్లు, ఖాళీ అన్నదే లేదు. మనవాళ్ల కంటికి మాత్రం ఇలా నిండుగా ఉంటేనే గుడిలా ఉంటుంది, నీకు నమ్మకం లేకపోతే అమ్మగారి మొహం చూడు అక్కడ.

ఇక మెట్లు. ఉన్నాయి, దాచను. బస్సు దిగాక కంకర దారి కొంచెం ఎత్తుగా వెళ్తుంది, తర్వాత రాతి మెట్లు విడతలు విడతలుగా, యోమేయిమోన్ దగ్గరవి నిటారుగా ఉంటాయి. కానీ అందరూ భయపెట్టే ఆ 207 మెట్లు ఉన్నాయి చూడు, అవి ఇయెయాసు సమాధి దాకా వెళ్లేవి. అవి మొదలయ్యే ద్వారం దగ్గరే పైన ఆ ఫేమస్ నిద్రపోయే పిల్లి బొమ్మ ఉంటుంది. అంటే పిల్లిని చూడ్డానికి 207 ఎక్కక్కర్లేదు. అమ్మగారు పిల్లిని చూసి వెనక్కొచ్చి యకుషిదో హాల్లోకి వెళ్తే సరి, అక్కడ పైకప్పు మీద డ్రాగన్ బొమ్మ ఉంటుంది, దాని తల కింద పూజారి రెండు చెక్కలు కొడితే గలగలమని గంట మోగినట్టు వినపడుతుంది, పక్కకి జరిగి కొడితే ఏమీ ఉండదు. నాన్నగారు ఈలోపు పైకెళ్లి వస్తారు. మూడు కోతులు ఇంకా ముందే, గుర్రపుశాల గోడ మీద, దారిలోనే కనపడతాయి. అందరూ ఆ మూడు కోతుల్నే ఫోటో తీసి పోతారు గానీ అవి ఒక వరస బొమ్మల్లో ఒకటి అంతే, తల్లి కోతి పిల్లని చూసుకోవడం నుంచి మొదలుపెట్టి ఒక జీవితమంతా ఉంటుంది ఆ గోడ మీద, మిగతావి కూడా చూడమను.

రెండు చోట్ల చెప్పులు విప్పాలి, లేసులు కట్టే బూట్లు వద్దు, మందం సాక్స్ వేసుకోండి.

పైన కెగోన్ 97 మీటర్లు, ఒక్క దూకుడే. పై నుంచి ఊరికే చూడొచ్చు, డబ్బులు కట్టి లిఫ్ట్‌లో 100 మీటర్లు కిందకి దిగితే ఎదురుగా చూడొచ్చు. అమ్మగారికి లిఫ్ట్ టికెట్ తప్పకుండా కొను, టూర్‌లో చాలాసార్లు కలిపి ఉండదు. సరస్సు సముద్రమట్టానికి 1269 మీటర్ల ఎత్తులో ఉంది, యోకోహామాలో షర్ట్ మీద తిరిగే రోజు కూడా అక్కడ జాకెట్ కావాలి.

ఒక్కటే కండిషన్. శని ఆదివారాలు, సెలవులు అస్సలు వద్దు. అక్టోబర్ రెండో సగంలో పైన ఆకులు ఎర్రబడతాయి, అప్పుడు ఇరోహాజాకా మీద గంటలకి గంటలు జామ్ అవుతుంది, చీకటి పడ్డాక సరస్సు చూపించి వెనక్కి తెచ్చిన టూర్లున్నాయి. వీక్‌డే బుక్ చెయ్, ఒకరోజు లీవ్ పోతే పోయింది.

రైలుపిచ్చి:

పై అన్న చెప్పినదాంట్లో సగానికి ఒప్పుకుంటా, సగానికి ఒప్పుకోను. అసకుసా నుంచి తోబు ఎక్స్‌ప్రెస్ రెండు గంటల్లోపే నిక్కోలో దింపుతుంది, హైవే జామ్ బాధ లేదు, టాయిలెట్ బోగీలోనే ఉంది, కాళ్లు చాపుకోవచ్చు. పెద్దవాళ్లకి బస్సు కంటే రైలే సుఖం. గుళ్లు మాత్రమే చాలు అనుకుంటే రైలు, పైన సరస్సు కూడా కావాలంటే మాత్రం సరే బస్సు, అక్కడ నేను ఓడిపోయినట్టే.

కానీ క్యోటోలో బస్ టూర్ మాత్రం దయచేసి వద్దు బ్రో. కింకకుజి ఊరికి ఉత్తరాన, అరషియామ పడమర, ఫుషిమి ఇనారి దక్షిణాన, నారా ఇంకా దక్షిణాన వేరే ఊరు. అన్నీ ఒక్కరోజులో అంటే రోజంతా క్యోటో ట్రాఫిక్ సిగ్నళ్లు చూస్తారు అమ్మానాన్న. ఫుషిమి ఇనారికి క్యోటో స్టేషన్ నుంచి జేఆర్ నారా లైన్‌లో రెండో స్టేషనే, దిగి రోడ్డు దాటితే గుడి. టికెట్ లేదు, గేట్లు మూయరు, పొద్దున్నే ఆరున్నరకి వెళ్లండి, ఆ ఎర్ర తోరణాల కింద మీరు తప్ప ఎవరూ ఉండరు. టూర్ బస్సు అక్కడికి వచ్చేది పదకొండింటికో మధ్యాహ్నమో, అప్పుడు ఆ తోరణాల్లో జనం తప్ప తోరణాలు కనపడవు. ఆ దారి 233 మీటర్ల ఇనారి కొండ పైదాకా వెళ్తుంది, అమ్మగారు మొదటి వరస తోరణాలు దాటి వెనక్కి తిరిగితే చాలు, మెట్లు అక్కడ తక్కువే. నాన్నగారిని వదిలెయ్ పైదాకా. అదే లైన్‌లో ఇంకా ముందుకి పోతే నారా. అక్కడి టోడైజి గుడి దారంతా చదునే, జింకలు ఎదురొస్తాయి.

ఇంకోటి, టూర్ పేజీలో స్టాప్‌లు లెక్కపెట్టకు, నిమిషాలు లెక్కపెట్టు. ఆరు చోట్లు అని రాసినదాంట్లో కిందకి స్క్రోల్ చేస్తే "సుమారు 40 నిమిషాలు" "సుమారు 30 నిమిషాలు" అని చిన్నక్షరాల్లో ఉంటుంది. ఆ 40లో పార్కింగ్ నుంచి నడక, టాయిలెట్ క్యూ, వెనక్కి నడక అన్నీ కలిపే. కియోమిజుదెరా లాంటి చోట బస్సు కొండ కింద ఆపుతుంది, పైకి నడవడానికే పది పదిహేను నిమిషాలు, ఆ షాపుల మధ్య జనంలో ఇంకా ఎక్కువ. ఇక గుడి చూసేదెప్పుడు.

కన్సాయ్_కోడలు:

నేను మా అత్తయ్యగారు మామయ్యగారితో ఇలాంటి టూర్లు వెళ్లాను కాబట్టి టాయిలెట్, తిండి సంగతి నేను చెప్తాను, మగవాళ్లు ఇవి ఎప్పుడూ రెండు ముక్కల్లో తేల్చేస్తారు.

డే టూర్ బస్సుల్లో చాలావాటిలో టాయిలెట్ ఉండదు. కానీ గంటన్నర రెండు గంటలకోసారి హైవే సర్వీస్ ఏరియాలో ఆపుతారు, అవి అద్దంలా ఉంటాయి, అత్తయ్యగారైతే టూర్‌లో అన్నిటికంటే అవే మెచ్చుకున్నారు. సమస్యల్లా టైం. పదిహేను నిమిషాలు అంటే పదిహేనే, లేడీస్ లైను పొడుగ్గా ఉంటుంది, కాబట్టి ఆగగానే ముందు టాయిలెట్, తర్వాతే కాఫీ, షాపు. ఆలస్యమైతే గైడ్ వెతుక్కుంటూ వస్తుంది పాపం, కానీ బస్సు నిండా జనం మనవైపు చూస్తుంటారు, ఏమీ అనరు, అదే ఇంకా ఇబ్బంది. కొన్ని టూర్లలో రూల్స్‌లోనే ఉంటుంది, టైంకి రాకపోతే వదిలేసి వెళ్తామని. నాన్నగారు చివరి మెట్టు టైపు అన్నారు కదా, ఆయన ఫోన్లో అలారం పెట్టండి, బస్సు నంబర్ ప్లేట్ ఫోటో తీయించండి. పార్కింగ్‌లో ఒకేరకం బస్సులు ఇరవై ఉంటాయి, ఒక్కటి కూడా గుర్తుపట్టలేరు.

తిండి. టూర్‌లో లంచ్ కలిపి ఉంటే వెజ్ కావాలని బుకింగ్ అప్పుడే రాయాలి, ఆరోజు చెప్తే ఏమీ చేయలేరు. రాసినా సరే, ఇక్కడ కూరగాయల వంటలోనూ చేపతో కాచిన దషి నీళ్లు ఉంటాయి, వాళ్ల దృష్టిలో అది మాంసం కాదు, అడిగితే నిజాయితీగా వెజ్ అనే అంటారు. సోబా, ఉడోన్ నూడుల్స్ పులుసులూ అంతే. తీపి తోఫు సంచిలో అన్నం పెట్టి ఇస్తారు చూడండి ఇనారి సూషీ అని, అది చూసి మనవాళ్లు హమ్మయ్య అనుకుంటారు, ఆ తోఫు కూడా చాలాచోట్ల దషిలోనే ఉడికిస్తారు. నిక్కోలో యుబా అని సోయాపాల మీగడ ఫేమస్, యుబా మంచిదే, దాన్ని ముంచిన పులుసు గురించే అడగాలి. అందుకని లంచ్ లేని టూర్ తీసుకుని పొద్దున్నే ఇంట్లో పులిహోరో చపాతీలో చేసి పట్టుకెళ్లండి. బస్సులో తినొచ్చా లేదా అని ముందే అడగండి, ఒప్పుకున్నా గానీ ఘాటు వాసన వచ్చేవి తెరవకండి. గుళ్ల ఆవరణలో తినకండి. చెత్తబుట్టలు ఎక్కడా కనపడవు, ఒక కవర్ పెట్టుకుని చెత్త వెనక్కి తెచ్చుకోవడమే.

ఇంగ్లిష్ గైడా జపనీస్ గైడా అంటే, జపనీస్ టూర్లు చవక, పైగా భోజనం, పళ్లతోటలో పళ్లు కోసుకోవడం లాంటివి కలుపుతారు, కానీ బస్సులో గైడ్ గంటలకొద్దీ మాట్లాడుతూనే ఉంటుంది, అందరూ నవ్వుతుంటే అమ్మానాన్న బిక్కమొహం వేసుకుని కూర్చుంటారు, మీరు అనువదించి అనువదించి అలిసిపోతారు. మీరూ వాళ్లతో కలిసి చూడాలి కదా. నేనైతే ఇంగ్లిష్‌దే తీసుకుంటాను.

క్యోటోలో బస్సే ఎక్కాలనుంటే ఊరు చూపించేది కాకుండా ఊరు బయటికి తీసుకెళ్లేది చూడండి. అమనోహషిదతే, ఇనే అని ఉత్తరాన సముద్రం వైపు వెళ్లే టూర్ ఉంటుంది. సముద్రంలో 3.6 కిలోమీటర్ల ఇసుక గట్టు, దాని మీద వేల పైన్ చెట్లు, ఈ దేశంలో మూడు గొప్ప దృశ్యాలు అని ఎప్పట్నుంచో చెప్పుకునేవాటిలో ఒకటి. కొండ మీదకి కేబుల్ కారుంది, మోకాళ్లకి పని లేదు. పైన అందరూ వెనక్కి తిరిగి వంగి కాళ్ల మధ్యలోంచి చూస్తారు, గట్టు ఆకాశంలోకి వెళ్తున్నట్టు కనపడుతుందని. మామయ్యగారు అంత పెద్దమనిషి, ఎవరూ చూడట్లేదనుకుని ఆయనా వంగారు, ఫోటో నా దగ్గరుంది, ఇంట్లో ఎవరికీ చూపించలేదు. కింద చియోంజి గుడి, మంజుశ్రీ బోధిసత్వుడిది, చదువుల కోసం మొక్కుకుంటారు. ఇనేలో ఇళ్లు నీళ్ల అంచునే, కింద పడవ పెట్టుకునే గది పైన కాపురం, అలాంటివి 230 దాకా ఉన్నాయి. రైలు, బస్సు మారుతూ మీరు సొంతంగా వెళ్తే రోజంతా స్టేషన్లలోనే పోతుంది.

ఫుజిని_చూడనివాడు:

పేరు చూశారుగా. ఫుజి టూర్ గురించి నేను చెప్తా.

ఫుజి-హకోనే టూర్లో మీరు కొనేది వాతావరణం. మబ్బు పడితే 3776 మీటర్ల కొండ అలా మాయమైపోతుంది, ఉన్నట్టే తెలీదు, డబ్బులు వెనక్కి ఇవ్వరు. చలికాలం బెస్ట్, వేసవి దారుణం, అక్టోబర్ చివర ఫర్వాలేదు, పొద్దున పూట అయితే ఛాన్స్ ఎక్కువ. ఇంకా ఎవరూ చెప్పని సంగతి, ఐదో స్టేషన్ అంటే 2305 మీటర్ల దగ్గర ఆ కొండ మీదే నిలబడతారు, కాబట్టి ఫోటోల్లో చూసిన ఆ త్రికోణం ఆకారం అక్కడ కనపడదు, పైన ఎర్రమట్టి వాలు కనపడుతుంది, షాపులు కనపడతాయి. ఆకారం కావాలంటే కవగుచి సరస్సు వైపు ఆపే టూర్ తీసుకోవాలి. మంచు టోపీ కూడా గ్యారంటీ లేదు, 2024లో అయితే నవంబర్ 7 దాకా పడలేదు, 1894లో లెక్కలు రాయడం మొదలెట్టాక అంత లేటు ఎప్పుడూ లేదట.

ఓవకుదానిలో గంధకం పొగ, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు వెళ్లొద్దని బోర్డులే పెట్టారు. అక్కడ స్పెషల్ నల్లగుడ్లు, ఒకటి తింటే ఏడేళ్లు ఆయుష్షు పెరుగుతుందంటారు, అమ్మగారు గుడ్డు తినరు కాబట్టి ఆ స్కీమ్ మీకు వర్తించదు.

ఔట్‌లెట్ షాపింగ్ ఉన్న టూర్ అసలొద్దు. నేనెక్కినదాంట్లో జింజా దగ్గర హడావిడిగా అరగంట ఆపి ఔట్‌లెట్‌లో రెండు గంటలు వదిలేశారు. నీళ్లలో ఎర్ర తోరణం దగ్గర ఫోటో క్యూలో నిలబడితే ఆ అరగంట క్యూకే సరిపోయింది, లోపల గుడి ఎలా ఉంటుందో ఇప్పటికీ తెలీదు.

శిల్పాల_పిచ్చి:

అందరూ మెట్లు, టాయిలెట్ల దగ్గరే ఆగిపోయారు, పెద్దవాళ్లకి అక్కడ నిజంగా నచ్చేదేంటో ఎవరూ చెప్పట్లేదు. మా ఇంట్లోవాళ్లు మొదటి గుడి చూసి "బాగుంది" అన్నారు, రెండోదానికి "ఇదీ అలాగే ఉందిగా" అన్నారు, మూడోదానికి బస్సు దిగలేదు. లోపల ఉన్నదెవరో తెలియకపోతే అంతే మరి, ఎవరికైనా. తెలిస్తే కథ మారిపోతుంది.

నిక్కోలో తోషోగు పక్కనే రిన్నోజి ఉంది, అందులో సంబుత్సుదో అనే హాల్లో మూడు పెద్ద బంగారు విగ్రహాలు, ఏడు మీటర్లకి పైనే. ఒకరు వేయి చేతుల అవలోకితేశ్వరుడు, ఒకరు అమితాభుడు, మూడో ఆయన తల మీద గుర్రం తల ఉంటుంది, ఇంకెవరు, హయగ్రీవుడే. అమ్మగారికి ఈ ఒక్క మాట చెప్పి తీసుకెళ్లండి, ఆవిడ అక్కడ్నుంచి కదలరు. అదే గుడిలో హోమాలు కూడా చేస్తారు, ఎదురుగా నిప్పు, పుల్లలు వేస్తూ మంత్రాలు, మనకి కొత్తగా అనిపించనే అనిపించదు. కానీ చాలా టూర్లు తోషోగు చూపించి రిన్నోజి ముందు నుంచే నడిపించుకుని పోతాయి. ఉత్సునోమియా అన్నా మీరు కూడా దాన్ని వదిలేశారు, ఇది మాత్రం అన్యాయం.

క్యోటోలో రెండ్రోజులుంటే కింకకుజి కంటే ముందు సంజూసంగెన్దోకి తీసుకెళ్లండి. కింకకుజి చూడ్డానికి మెరుస్తుంది, కాదనను, 1950లో ఒక కుర్ర సన్యాసి నిప్పు పెడితే కాలిపోయింది, 1955లో మళ్లీ కట్టారు, లోపలికి వెళ్లనివ్వరు, చెరువు చుట్టూ తిరిగి రావడమే. సంజూసంగెన్దో దాదాపు 120 మీటర్ల పొడుగు చెక్క హాలు, 1266లో కట్టింది, లోపల 1001 అవలోకితేశ్వర విగ్రహాలు, వాటి ముందు వరసలో 28 మంది కాపలా దేవతలు. ఆ 28 మందిలో బ్రహ్మ ఉన్నాడు, ఇంద్రుడు ఉన్నాడు, వేణువు ఊదే గరుత్మంతుడు ఉన్నాడు, బోర్డుల మీద సంస్కృత పేర్లు కూడా రాసి ఉంటాయి. పూర్తిగా చదును, వాన పడినా బాధ లేదు. ఫోటోలు తీయనివ్వరు, ఒకందుకు అదే మంచిది, అందరూ చూస్తారు.

నారాలో టోడైజి బుద్ధుడు 15 మీటర్లు, 752లో ఆయన కళ్లు తెరిపించే పూజ చేసింది మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడు అనే సన్యాసి. ఇప్పుడున్న హాలు 1709లో కట్టింది, అంతకుముందుది ఇంకా వెడల్పుగా ఉండేదట. నాన్నగారికి ఈ ముక్క చెప్పండి, మీరు చెప్పక్కర్లేకుండా మిగతాది ఆయనే ఊరంతా చెప్తారు.

యోకోహామావాసి:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. హయగ్రీవుడి సంగతి అమ్మకి ఫోన్‌లో చెప్పా, ఇప్పుడు నిక్కో కాకుండా ఇంకేదైనా అంటే ఒప్పుకునేలా లేదు. ఫుజి క్యాన్సిల్, మబ్బుల మీద డబ్బులు పెట్టే ధైర్యం నాకు లేదు. క్యోటోలో ఒకరోజు రైల్లో ఇనారి, నారా, రెండోరోజు పొద్దున సంజూసంగెన్దో. అమనోహషిదతే కూడా చాలా లాగుతోంది గానీ ఈసారి రెండ్రోజులే ఉన్నాయి.

ఇంకా రెండు అడుగుతా, విసుక్కోకండి. ఒకటి, నేను చూసిన నిక్కో టూర్లో రిన్నోజి లేదు, తోషోగు దగ్గర రెండు గంటలు ఫ్రీ టైం అని ఉంది, ఆ రెండు గంటల్లో రిన్నోజి కూడా అవుతుందా. రెండు, 48 మలుపులు అంటున్నారు, అమ్మకి ఘాట్ రోడ్డు పడదు, వాంతులవుతాయి. డేట్ ఇంకా ఫిక్స్ చేయలేదు, అక్టోబర్ 30 నుంచి నవంబర్ 2 మధ్యలో వీక్‌డే ఏదైనా.

కన్సాయ్_కోడలు:

మలుపుల దగ్గర కూర్చునే చోటే ముఖ్యం బాబూ. ముందు సీట్లు అడగండి, వెనక చక్రాల మీదవి వద్దు. కానీ బస్సెక్కేటప్పుడు అడిగితే మార్చరు, సీట్లు ముందే రాసేసి ఉంటాయి, బుక్ చేసేటప్పుడు రిమార్క్స్‌లో "తల్లికి ప్రయాణం పడదు, ముందు వరస కావాలి" అని రాసి పెట్టండి, గ్యారంటీ ఇవ్వరు గానీ వీలైనంత చూస్తారు. మందుల షాపుల్లో ప్రయాణం పడనివాళ్లకి మాత్రలు దొరుకుతాయి, బీపీ మందులు లాంటివి వాడుతుంటే ఫార్మసిస్ట్‌కి చూపించి కొనండి. కొండ ఎక్కడానికి ముందు కడుపు నిండా తిననివ్వకండి, పులిహోర డబ్బా దిగొచ్చాక తెరవండి.

ఉత్సునోమియా_అన్న:

రిన్నోజిని వదిలేసినందుకు శిల్పాల పిచ్చి గారు నన్ను బాగానే పట్టుకున్నారు, సరే ఒప్పుకున్నా.

రెండు గంటల్లో రెండూ అవుతాయి తమ్ముడూ, కానీ గైడ్ వెంట కాకుండా మీరు విడిగా తిరగాలి. నాన్నగారు సమాధి దాకా ఎక్కి దిగడానికి ఆయన స్పీడుని బట్టి అరగంట వేసుకో, ఆ టైంలో నువ్వూ అమ్మగారూ యకుషిదో చూసి మెల్లగా కిందకి దిగడం మొదలుపెట్టండి, ఎక్కడానికి కాదు దిగడానికే ఎక్కువ టైం కావాలి అన్నావు కదా. యోమేయిమోన్ మెట్లకి పక్కన ఆనుకోవడానికి ఏదో ఒకటి ఉంటుందని నమ్ముకోకు, మడిచే చేతికర్ర ఒకటి తెచ్చుకోమను. సంబుత్సుదో బస్సు పార్కింగ్ వైపు వెళ్లే దారిలోనే పడుతుంది, దానికి టికెట్ విడిగా, లోపల చెప్పులు విప్పాలి, అరగంట చాలు. కొన్ని టూర్లు ముందు పైకి వెళ్లి చివర్లో తోషోగుకి వస్తాయి, కొన్ని తోషోగు ముందు. నువ్వు ముందు తోషోగుకి వెళ్లేదే చూసుకో, జామ్ అయినా గుళ్లు మాత్రం దక్కుతాయి.

డేట్ విషయంలో ఒకటి గట్టిగా చెప్తున్నా. తోషోగు అక్టోబర్ దాకా సాయంత్రం ఐదింటి వరకు ఉంటుంది, నవంబర్ నుంచి నాలుగింటికే మూసేస్తారు, దానికి అరగంట ముందే టికెట్లు ఆపేస్తారు. పైగా నవంబర్ 3 ఇక్కడ కల్చర్ డే సెలవు, దాని చుట్టుపక్కల రోజులు కూడా రష్షే. 30 గానీ 31 గానీ వీక్‌డే పడుతుందేమో కేలండర్ చూసి ముందు లీవ్ పెట్టు, పడకపోతే 29కి జరుపుకో. ఆరోజు రాత్రికి వేరే ఏ రైలూ, ఏ డిన్నరూ బుక్ చేయకు, బస్సు టోక్యో చేరే టైం అని వాళ్లు రాసింది రోడ్డు ఖాళీగా ఉన్నప్పటిది.